జాజ్ గుర్తులు: రిషివ్యాలీ, పుట్టపర్తి మీదుగా ఒక సమీక్ష

జాజ్ అంటే ఏమిటని అడిగితే సంగీతం తెలిసిన తెలుగువారు ఎక్కువగా చెప్పే జవాబు ఒకటుంది: కాగితం చూడకుండా అప్పటికప్పుడు కల్పించి వాయించే పాశ్చాత్య సంగీతం. ఆ వెంటనే, మన మనోధర్మం లాంటిదే అని ఇంకో మాట కలుపుతారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజం, అదీ తక్కువ బరువున్న సగం. జాజ్‌కు గుర్తులేమిటన్న ప్రశ్న మీద డెబ్బై ఎనభై ఏళ్ళుగా విమర్శకులు, సంగీత పరిశోధకులు, వాద్యకారులు చెబుతూ వచ్చినవాటిని ఒకచోట పెట్టి చూస్తే, మన చెవికి తప్పిపోతున్న మిగతా సగం ఏమిటో తెలుస్తుంది.

ముదిగుబ్బలో కూర్చుని జాజ్ గురించి రాయడం వింతగా అనిపించవచ్చు. కానీ ఈ ఊరి మీదుగా పోయే 42వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కదిరి దాటి వెళ్తే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వస్తుంది. ఇటు నైరుతి దిక్కున పుట్టపర్తి. కెనడాలో పుట్టి అమెరికా జాజ్‌లో పేరు మోసిన ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గసన్ (1928–2006) 1960ల చివర్లో రిషివ్యాలీలో ఉండి పిల్లలకు సంగీతం చెప్పాడు. తర్వాతి కాలంలో సత్యసాయి బాబాను గురువుగా భావించి, ఎన్నో శీతాకాలాలు పుట్టపర్తి వచ్చి అక్కడి విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కొల్‌ట్రేన్ భార్యగా కంటే తనంతట తానుగా గొప్ప జాజ్ కళాకారిణి అయిన ఆలిస్ కొల్‌ట్రేన్ (1937–2007) కూడా సత్యసాయి భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆమె నడిపిన ఆశ్రమానికి 1994లో సాయి అనంతం అని పేరు పెట్టారు. ఈ ఇద్దరి సంగీతాన్నీ దగ్గర పెట్టుకుంటే జాజ్ నిర్వచనాలు ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ జారిపోతాయో బాగా కనబడుతుంది.

ముందు కల్పన సంగతి. జాజ్ బృందం ఒక పాట నిర్మాణం తీసుకుంటుంది. అది 12 లయఖండాల (బార్ల) బ్లూస్ కావచ్చు, 32 లయఖండాల నాటకం పాటో సినిమా పాటో కావచ్చు. మొదట అందరూ కలిసి పాటను ఒకసారి వాయిస్తారు. ఆ పాట కింద కొన్ని కార్డ్స్ వరుసగా నడుస్తుంటాయి. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం. ఆ వరుస తాళావర్తనంలా మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, ఒకరి తర్వాత ఒకరు దాని మీద తమ కల్పన చేస్తారు. చివర్లో మళ్ళీ పాట. కల్పనస్వరాలు వేసి పల్లవి ఎత్తుగడకు వచ్చి చేరే పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క తేడా ఉంది. మన దగ్గర షడ్జం కదలదు, రాగం మారదు. అక్కడ కాలికింద నేల కదులుతూ ఉంటుంది. జాన్ కొల్‌ట్రేన్ 1959లో రికార్డు చేసిన 'జెయింట్ స్టెప్స్'లో చాలాచోట్ల రెండు దరువులకో కార్డ్ మారిపోతుంది. అదే ఏడాది ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'సో వాట్'లో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు: 16 లయఖండాలు మన ఖరహరప్రియ స్వరాల మీదే నిలకడగా ఉండి, ఆ తర్వాత ఎనిమిది లయఖండాలకు ఆధారమంతా అర స్వరం పైకి జరిగి, మళ్ళీ కిందికి వస్తుంది.

కల్పనే జాజ్ ప్రాణమన్న వాదాన్ని గట్టిగా ఎదిరించినవాడు ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే ఓదేర్. 1954లో వచ్చిన ఆయన పుస్తకం జాజ్ లక్షణాల చర్చకు ఇప్పటికీ మొదటి మెట్టు. స్వింగ్ అనే లయగుణం, వాద్యాన్ని పలికించే వేడి, ఈ రెండూ లేనిదే జాజ్ లేదనీ, కల్పన లేకపోయినా జాజ్ ఉంటుందనీ ఆయన నిర్ణయం. అందుకు సాక్ష్యంగా జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్‌టన్ 1940లో చేసిన 'కన్సర్టో ఫర్ కూటీ'ని విప్పి చూపించాడు. అందులో దాదాపు అంతా ముందే కూర్చింది. అయినా అది జాజ్ కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతీ ఇలాంటిదే. 1926లో రికార్డు చేసిన 'కార్నెట్ చాప్ సూయీ'ని ఆయన 1924లోనే కాగితం మీద పెట్టి కాపీరైటు కోసం పంపాడు. వింటే మాత్రం ఆ క్షణంలోనే పుట్టినట్టుంటుంది. 1994లో పాల్ బెర్లినర్ రాసిన పెద్ద పరిశోధన గ్రంథం ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. ఎందరో వాద్యకారులతో మాట్లాడి ఆయన తేల్చింది: జాజ్ కల్పన గాలిలోంచి ఊడిపడదు, పెద్దల రికార్డులు విని, పలుకులు కంఠస్థం చేసి, ఏళ్ళ తరబడి సాధన చేస్తేనే వస్తుంది. గురువు దగ్గర వర్ణాలు, కృతులు వందల సార్లు పాడితే తప్ప ఆలాపన నోట పలకదని తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

మరో సంగతీ ఉంది. కల్పన ఎన్నో సంగీతాల సొత్తు. నాదస్వర విద్వాంసుడు గంటసేపు తోడిని పెంచుతాడు. హిందుస్తానీ ఖయాల్ మొత్తం దాని మీదే నిలబడింది. యూరప్ చర్చిల్లో ఆర్గాన్ వాయించేవారికి ఒకప్పుడు అది నిత్యకృత్యం. కాబట్టి కల్పన ఒక్కటే జాజ్‌ను వేరుచేసి చూపించదు. మనోధర్మం పోలికతో జాజ్‌లోకి అడుగు పెట్టడం తేలిక. అక్కడే ఆగిపోవడమే చిక్కు.

స్వింగ్ దగ్గరికి వస్తే మన చెవికి అసలు పరీక్ష మొదలవుతుంది. నోటితో తకదిమి తకదిమి అని సమంగా అంటూ ఉండండి. మనకు అలవాటైన చోట, అంటే 'త' మీద చప్పట్లు వేయకండి. 'క' మీద, 'మి' మీద వేయండి. మొదట చెయ్యి తడబడుతుంది. కాసేపటికి ఒంట్లో ఒక ఊపు పుడుతుంది. జాజ్ శ్రోత వేళ్ళు చిటికె వేసేది ఆ రెండో, నాలుగో దరువుల మీదే. డ్రమ్స్ వాయించేవాడి ఎడమకాలి కింది జోడు తాళాలు మూసుకునేదీ అక్కడే. ఇది మొదటి పొర.

రెండో పొర ఇంకా సూక్ష్మం. ఒక దరువును రెండుగా విడగొట్టినప్పుడు జాజ్‌లో ఆ రెండు ముక్కలూ సమానంగా రావు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. తిశ్ర నడకలో మొదటి రెండు అక్షరాలు కలిపేసి మూడోదాన్ని విడిగా పలికినట్టు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన నిష్పత్తి రెండుకొకటి కావాలి. 2002లో స్వీడన్ పరిశోధకులు ఫ్రైబెర్గ్, సుండ్‌స్ట్రోమ్ పేరున్న డ్రమ్మర్ల రికార్డులను కొలిచి చూస్తే, నెమ్మది కాలంలో మూడున్నరకు ఒకటి దాకా ఉన్న నిష్పత్తి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ తగ్గుతూ ఒకటికొకటి దగ్గరికి వచ్చింది. అంటే పుస్తకంలో లెక్క ఏ ఒక్క వేగం దగ్గరో తప్ప కుదరదు.

మూడో పొర మీద పరిశోధన నిన్నమొన్నటిది. జర్మనీలోని గోటింగెన్‌లో థియో గైసెల్ బృందం 2022లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించింది. పియానో కల్పన రికార్డులను తీసుకుని, వాటిలో స్వరాల సమయాన్ని కంప్యూటర్‌లో అతి కొద్దిగా మార్చి జాజ్ వాద్యకారులకు వినిపించారు. సోలో వాయించేవాడి స్వరం దరువు మీద పడాల్సిన చోట సుమారు 30 మిల్లీసెకన్లు వెనక పడి, దరువు మధ్యలో పడే స్వరం మాత్రం తాళంతో కలిసి సరిగ్గా పడితే, విన్నవారికి స్వింగ్ ఎక్కువగా తోచింది. ఆలస్యం ఉందని వాళ్ళు చెవితో పట్టుకోలేకపోయారు. ఊపు మాత్రం ఒంటికి తగిలింది.

నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో తెలుగు శ్రోత నిదానంగా ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే. మన లయ విద్య లెక్కలో అసామాన్యమైనది. అతీత ఎడుపు, అనాగత ఎడుపు అని పాట తాళానికి ముందో వెనకో ఎత్తుకోవడం మనకు కొత్త కాదు. కానీ ఆ ముందు వెనకలు లెక్కకు దొరుకుతాయి: అరక్షరం, ముప్పావు అని వేలితో చూపించవచ్చు. జాజ్ వాద్యకారుడి వెనకబాటు లెక్కకు దొరకదు. గాయని బిల్లీ హాలిడే పాటను దరువుకు ఆనించి ఆనించి, జారుతుందేమో అనిపించేంత వెనక పాడుతుంది. కింద బాస్ నాలుగు దరువులూ తప్పకుండా నడుస్తూనే ఉంటుంది. ఆ నడకకూ ఆ గొంతుకూ మధ్య ఉన్న లాగుడే స్వింగ్. ఓదేర్ దీన్ని బిగువు, సడలింపుల జంట అన్నాడు. తని ఆవర్తనంలో మృదంగం కోర్వై ముగించి సమానికి వచ్చి పడినప్పుడు మనకు కలిగే ఆనందం లెక్క తేలిన ఆనందం. స్వింగ్‌లో లెక్క ఎక్కడా తేలదు. ఆ లాగుడు పాట పొడుగునా సాగుతూనే ఉంటుంది. రెండు ఆనందాలనూ ఒక గాటన కట్టేస్తే రెండోది చేజారుతుంది.

ఇక బ్లూస్ స్వరాలు. అమెరికాలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల పనిపాటల్లో, ప్రార్థనల్లో, తర్వాత బ్లూస్‌లో గాంధారం ఒకచోట నిలబడదు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో వంగి పలుకుతుంది. నిషాదమూ అంతే. కింద వాద్యాలు అంతర గాంధారంతో కార్డ్ మోగిస్తుంటే, పైన గొంతు దాన్ని కిందికి లాగుతుంది. వినేవారికి తీపి, చేదు ఒకేసారి తగిలేది అక్కడే. పియానో మీద స్వరాన్ని వంచడం కుదరదు. అందుకే థెలోనియస్ మంక్ లాంటివారు పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కేస్తారు. వంగిన స్వరం ఆ రాపిడిలో వినబడుతుంది.

దీనికి మన సంగీతంలో దగ్గరి చుట్టం గమకమేనని అందరూ అంటారు. నేను ఇంకాస్త ముందుకు పోయి నాట రాగం పేరు చెబుతాను. త్యాగరాజస్వామి 'జగదానందకారక' ద్వారా ప్రతి ఆరాధనకూ మన చెవిన పడే రాగం. అందులో షట్శ్రుతి రిషభం ఉంది. హార్మోనియం మెట్ల మీద అది సాధారణ గాంధారం చోటే. దాని పక్కనే అంతర గాంధారం. నాట పాడేవారు ఆ రిషభాన్ని నిలకడగా పట్టుకోరు. పై గాంధారాన్ని తాకిస్తూ ఊపుతారు. రెండు గాంధారాల మధ్య ఊగే బ్లూస్ గొంతుకు స్థానం రీత్యా ఇంతకంటే దగ్గరగా వచ్చేవి మన దగ్గర తక్కువ. 72 మేళకర్తల్లో షట్శ్రుతి రిషభం ఉన్నవి 12. ఋతు చక్రంలో ఆరు, ఆదిత్య చక్రంలో ఆరు. నాటకు జనకమైన చలనాట 36వది. మేనార్డ్ ఫెర్గసన్ రిషివ్యాలీ నుంచి వెళ్ళాక 1970లో తెచ్చిన 'ఎం.ఎఫ్. హార్న్' రికార్డులో ఒక అంశం పేరు 'చల నాట'. జాజ్ వాద్యకారుడి చెవి మన మేళకర్తల్లో ఎక్కడ ఆగిందో చూడండి.

స్థానం ఒకటైనా పని వేరని కూడా చెప్పాలి. నాటలో ఆ రిషభం గంభీరంగా, మంగళప్రదంగా వినబడుతుంది. కచేరీ మొదట్లో పాడేది అందుకే. బ్లూస్‌లో అదే చోట మూలుగు ఉంటుంది, ఎదిరింపు ఉంటుంది. స్వరస్థానాల పట్టిక వేస్తే తెలిసేది పోలిక ఒక్కటే. ఆ స్వరం ఎవరి గొంతులోంచి, ఏ బతుకులోంచి వచ్చిందో పట్టిక చెప్పదు.

గొంతు దగ్గరికి వచ్చాం కాబట్టి సొంత పలుకు అనే లక్షణం. పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందంలో నలుగురు ట్రంపెట్ వాయిస్తుంటే నాలుగూ ఒకటిగా వినబడడం గొప్ప. జాజ్‌లో నాలుగూ నలుగురు మనుషులుగా వినబడాలి. కోల్‌మన్ హాకిన్స్ శాక్సోఫోన్ బరువుగా ఉరుముతుంది. లెస్టర్ యంగ్ అదే వాద్యాన్ని తేలిగ్గా గాలిలో వదిలేస్తాడు. మైల్స్ డేవిస్ ట్రంపెట్ మూతికి లోహపు మూత బిగించి, మైకుకు ఆనించి గుసగుసలాడతాడు. ఫెర్గసన్ అదే ట్రంపెట్‌ను ఎవరికీ అందని తారస్థాయిలో నిలబెట్టి కేక పెట్టిస్తాడు. 1950ల మొదట్లో స్టాన్ కెంటన్ బృందంలో ఆయనకు పేరు తెచ్చింది అదే. వీళ్ళలో ఎవరిదైనా రెండు స్వరాలు వింటే చాలు, పేరు చెప్పేయవచ్చు. మనకూ ఇది తెలియంది కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ కమాను రేడియోలో వినబడగానే పేరు చదవనక్కర్లేకుండా గుర్తుపట్టిన తరం మన ఇళ్ళల్లో ఉండేది.

ఇక్కడ మా వైపు పెళ్ళి బ్యాండు గురించి ఒక మాట. ముదిగుబ్బలోనూ, ధర్మవరంలోనూ, కదిరిలోనూ ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళంలో క్లారినెట్ ఉంటుంది, ట్రంపెట్ ఉంటుంది, సైడ్ డ్రమ్ ఉంటుంది. ఆ వాద్యాలు మనకు వచ్చింది ఆంగ్లేయుల సైనిక బ్యాండుల నుంచి. న్యూ ఆర్లియన్స్‌లోనూ అంతే: పటాలం బ్యాండుల వాద్యాలే 19వ శతాబ్దంలో నల్లవారి చేతికి అందాయి. అక్కడి బ్యాండు శవం వెంట శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా భక్తిగీతం వాయించి, తిరిగి వచ్చేటప్పుడు అదే వీధిలో గంతులేయించే పాట ఎత్తుకునేది. వాద్యాలు అవే, ఊరేగింపులు అలాంటివే, వీధి మలుపులో జనాన్ని చూసి అప్పటికప్పుడు పాట మార్చే నేర్పు మన బ్యాండు మాస్టర్లకూ ఉంది. అక్కడ జాజ్ పుట్టింది, ఇక్కడ ఇంకోటి పుట్టింది. మన క్లారినెట్ సినిమా పాట పల్లవిని నాదస్వరం పలుకులో సాగదీస్తుంది. అది మన గొంతు. ఫలానా వాద్యం ఉంటే జాజ్, శాక్సోఫోన్ వినబడితే జాజ్ అనే అలవాటు సినిమా సమీక్షల్లో కూడా ఉంది. అది మానుకోవాలి. కద్రి గోపాల్‌నాథ్ జీవితమంతా శాక్సోఫోన్ మీద ప్రధానంగా కర్ణాటక సంగీతమే వాయించారు.

సంభాషణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మనకు బాగా తెలిసిన గుణం. చెక్కభజనలో గురువు ఒక చరణం ఎత్తుకుంటే గుంపు అందుకుంటుంది. కదిరి తేరు నాడు ఎవరైనా చూడవచ్చు. నల్లవారి చర్చిలో బోధకుడు ఒక మాట అంటే జనం బదులు పలుకుతారు. 'సో వాట్'లో బాస్ ఒక ప్రశ్న వేస్తే మిగతా వాద్యాలు రెండే రెండు కార్డ్స్‌తో జవాబిస్తాయి. 1996లో సంగీత పరిశోధకురాలు ఇంగ్రిడ్ మాన్సన్ రాసిన పుస్తకం ఇందులో మనం తేలిగ్గా దాటిపోయే ఒక పక్కను చూపించింది. జాజ్‌లో సోలో వాయించేవాడు కేంద్రం, డ్రమ్స్, బాస్, పియానో పక్కవాద్యాలు అనుకోవడం పొరపాటని ఆమె వాదన. వెనక కూర్చున్న ముగ్గురూ అనుక్షణం మాట్లాడుతుంటారు, ఎదురు చెబుతారు, కొన్నిసార్లు సోలోను తమ వైపు తిప్పుకుంటారు. మన కచేరీలో పక్కవాద్యం గాయకుణ్ణి నీడలా అనుసరించడం మర్యాద. ఎదురు చెప్పే చనువు తనిలోనే దొరుకుతుంది. జాజ్‌లో ఆ చనువు మొదటి దరువు నుంచే ఉంటుంది.

ఇన్ని లక్షణాలూ ఒక పట్టీలో రాసుకుని టిక్కు పెట్టుకుంటూ పోతే సరిపోతుందా? 1960 నుంచి జాజ్ వాద్యకారులే ఆ పట్టీని చింపుతూ వచ్చారు. ఆర్నెట్ కోల్‌మన్ 1960 డిసెంబరులో రెండు నలుగురి బృందాలను ఎదురెదురుగా పెట్టి, ముందే అనుకున్న కార్డ్స్ లేకుండా 37 నిమిషాలు వాయించి 'ఫ్రీ జాజ్' అని పేరు పెట్టాడు. కార్డ్స్ పోయాయి, స్వింగ్ మిగిలింది. జాన్ కొల్‌ట్రేన్ 1967లో చనిపోయే ముందు రషీద్ అలీ డ్రమ్స్‌తో కలిసి చేసిన రికార్డులో లెక్కపెట్టడానికి నిలకడైన దరువే దొరకదు. స్వింగ్ కూడా పోయింది. మిగిలిందేమిటి? ఆ శాక్సోఫోన్ గొంతు, అందులో చర్చి మొర, బ్లూస్ వంపు.

అందుకే చరిత్ర మీద బరువు పెట్టే వాదం నాకు అన్నిటికంటే బలంగా తోస్తుంది. రచయిత అమీరీ బరాకా 1963లో రాసిన 'బ్లూస్ పీపుల్'లో ఈ సంగీతాన్ని అమెరికా నల్లవారి సామాజిక చరిత్ర నుంచి విడదీసి వినడం కుదరదన్నాడు. విమర్శకుడు ఆల్బర్ట్ ముర్రే 1976లో ఇదే చరిత్రను ఇంకో వైపు నుంచి చూసి, బ్లూస్ ఏడుపు కాదు, ఏడుపును తరిమే ఆట అన్నాడు. ఇద్దరికీ రాజకీయంగా పడేది కాదు. మూలం దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటే. 1991లో సంగీత చరిత్రకారుడు స్కాట్ డివో వచ్చి వీళ్ళందరినీ ఒక ప్రశ్న అడిగాడు: న్యూ ఆర్లియన్స్, స్వింగ్, బీబాప్, ఫ్రీ జాజ్ అనే శైలులను వరుసగా అమర్చిన ఆ చరిత్రను తయారుచేసింది ఎవరు, ఎందుకు? రికార్డు కంపెనీలు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు తమ అవసరాల కోసం ఆ వరుసను దిద్దాయని చూపించాడు. ఆ హెచ్చరిక మంచిదే. దాన్ని పట్టుకుని అసలు జాజ్ అనేదే లేదనేవారి దాకా మాత్రం నేను వెళ్ళలేను. న్యూ ఆర్లియన్స్ కాంగో స్క్వేర్‌లో ఆదివారాలు బానిసలు డోళ్ళు కొట్టుకున్న మాట నిజం. దరువుతో వాళ్ళు పెట్టుకున్న ఆ పెనుగులాటే వందేళ్ళ తర్వాత బిల్లీ హాలిడే గొంతులో వినబడడమూ నిజం.

ఇప్పుడు మన చుట్టుపక్కల సంగీతాన్ని ఈ కొలతల ముందు పెడదాం. మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) పాలకొల్లులో పుట్టి, జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. వాళ్ళిద్దరూ ఒకరి పలుకును ఒకరు అందుకుని కుదిస్తూ కుదిస్తూ పోయే చోట్లు వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కల్పన నిండుగా ఉంది. సంభాషణ ఉంది. ఇద్దరి పలుకూ ఎవరిది వారిదే. అయినా దాన్ని జాజ్ అనడానికి నాకు మనసొప్పదు. ఆ సంగీతం కూర్చున్నది తాళం మీద. ముక్తాయి లెక్క తేలి సమం మీద పడుతుంది. మెక్‌లాఫ్లిన్ తన ఇల్లు వదిలి మన ఇంటికి అతిథిగా వచ్చాడు, అంతే. కల్పన ఒక్కటే జాజ్ అయితే ఈ రికార్డులన్నీ జాజ్ కావాలి. అవి అలా వినబడవు.

ఫెర్గసన్‌ది తిరగబడిన సంగతి. ఎన్నేళ్ళు ఇక్కడికి వచ్చి వెళ్ళినా ఆయన ఊపిరి బిగ్ బ్యాండ్ ఊపిరే. 1990ల్లో బాబా పేరు మీద 'స్వీట్ బాబా సూట్' చేశాడు. ఆ రికార్డు పేరులోనే స్వింగ్ ఉంది. రాగం పేరు పెట్టుకున్నా, గురువు పేరు పెట్టుకున్నా దరువు మీద ఆయన నిలబడే తీరు మారలేదు. ఆయన జాజ్ విద్వాంసుడన్న విషయంలో ఎవరికీ రెండో మాట ఉండదు.

చిక్కుముడి ఆలిస్ కొల్‌ట్రేన్ దగ్గరే. డెట్రాయిట్ చర్చిలో చిన్నప్పుడే ఆర్గాన్ వాయించింది. పారిస్‌లో బడ్ పావెల్ దగ్గర బీబాప్ పియానో నేర్చుకుంది. 1966లో భర్త బృందంలో పియానో వాయించిన మెకోయ్ టైనర్ స్థానంలో కూర్చుంది. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద'లో తంబురా శ్రుతి నడుస్తుంటే, బాస్ ఒకే పలుకును తిప్పి తిప్పి వాయిస్తుంటే, ఆమె హార్ప్ తీగలు మీటుతుంది. కార్డ్స్ దాదాపు కదలవు. ఇంతవరకూ విమర్శకులకు ఇబ్బంది లేదు. దాన్ని జాజ్ అనే అన్నారు. 1977లో 'ట్రాన్సెండెన్స్' వచ్చింది. అందులో అంశాల పేర్లు 'భజగోవిందం', 'శ్రీ నృసింహ'. కదిరి నరసింహస్వామి గుడి ముందు పెరిగినవారికి ఆ పేరు ఒక అమెరికన్ జాజ్ రికార్డు మీద కనబడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 1980ల నుంచి ఆమె రికార్డు కంపెనీలను వదిలేసి, ఆశ్రమంలో పాడే భజనలను క్యాసెట్లుగా మాత్రమే పంచింది. 1982 నాటి 'తురియా సింగ్స్'లో మొదటిసారి తన గొంతు వినిపించింది. డ్రమ్స్ లేవు, శాక్సోఫోన్ లేదు, స్వింగ్ లేదు, సోలోలు లేవు. జాజ్ చరిత్రలు అక్కడితో ఆమె పేరు కొట్టేశాయి. 2017లో ఒక అమెరికన్ సంస్థ ఆ క్యాసెట్ల నుంచి ఏరి ఒక సంకలనం తెచ్చాకే లోకం మళ్ళీ అటు చెవి పెట్టింది.

ఆ భజనలను పుట్టపర్తి భజన పక్కన పెట్టి విన్నాను. అక్కడి సత్యసాయి ఆశ్రమం ప్రశాంతి నిలయంలో భజన ముందు ఒకరు పాడతారు, జనం అందుకుంటారు. హార్మోనియం వరుసను వెన్నంటి పోతుంది, తబలా, తాళాలు ప్రతి దరువునూ పట్టిస్తాయి. సాయి అనంతం భజనలో మాటలు అవే, ఎత్తుకోవడం, అందుకోవడం అదే. కానీ కింద ఆర్గాన్ ఊరుకోదు. మన భజనలో కార్డ్ మారని చోట అది మారుస్తుంది, మార్చినప్పుడల్లా డెట్రాయిట్ చర్చి వినబడుతుంది. పాడేవారి గాంధారం వంగుతుంది. చప్పట్లు మనం వేయని చోట పడతాయి. రాముడి పేరు, గోవిందుడి పేరు నల్లవారి గొంతులో బ్లూస్ బరువుతో వస్తాయి. కల్పనను కొలమానంగా పెట్టుకున్నవారు ఈ భజనలను జాజ్ నుంచి తోసేశారు. దరువుతో పెనుగులాట, స్వరం వంపు, ఆ గొంతుల వెనక ఉన్న బతుకు, ఈ మూడూ కొలమానాలు అయితే వాళ్ళు తొందరపడ్డారని నా అభిప్రాయం. రిమెంబర్ శక్తి కంటే ఈ భజనలే జాజ్‌కు దగ్గర.

ఇది నా ఒక్కడి పట్టుదలగా తోస్తే 2004లో ఆమె కొడుకు రవి కొల్‌ట్రేన్ పట్టుబట్టి చేయించిన 'ట్రాన్స్‌లీనియర్ లైట్' వినండి. పాతికేళ్ళ తర్వాత ఆమె జాజ్ వాద్యకారులతో కూర్చున్న రికార్డు అది. బాస్ మీద చార్లీ హేడెన్, డ్రమ్స్ మీద జాక్ డిజోనెట్ ఉన్నారు. 'సీతారాం'తో మొదలవుతుంది. మధ్యలో నల్లవారి చర్చి పాట 'దిస్ ట్రెయిన్' వస్తుంది, భర్త కూర్చిన 'క్రెసెంట్', 'లియో' వస్తాయి. చివరి అంశం ఆశ్రమవాసులతో కలిసి పాడిన భజన. పేరు 'సత్యసాయి ఈశ'. 'దిస్ ట్రెయిన్'లో ఆమె ఆర్గాన్ కుడిచెయ్యి దరువు మీద ఎలా వాలుతుందో ముందు విని, ఆ తర్వాత భజన పెట్టుకోండి.